ధరల్లేని మెనూ

కొవ్వొత్తి వెలుగు, ఎర్రగళ్ల గుడ్డ పరిచిన చిన్న బల్ల, ఎదురెదురుగా ఇద్దరు, మధ్యలో ఒక పళ్లెం పాస్తా. ప్రేమికుల సాయంత్రం అనగానే హాలీవుడ్ సినిమాలు మన కళ్లకి అలవాటు చేసిన దృశ్యం ఇది. ఇప్పుడు అలాంటి బల్లలు హైదరాబాదులోనూ ఉన్నాయి. పెళ్లిరోజుకో పుట్టినరోజుకో నేనూ నా సహచరుడూ కూడా వెళ్తుంటాం. అక్కడి తిండి నాకిష్టం. అయితే చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని కనక, ఏ బల్ల ముందు కూర్చున్నా ఇది ఇక్కడికెలా వచ్చిందన్న ప్రశ్న వదలదు. ఈ బల్ల దగ్గర ఆడవాళ్లకి కుర్చీ ఎప్పుడు దొరికింది? ఎవరి తోడుతో దొరికింది? వండిన చేతుల పేరేమైంది? బిల్లు ఎవరి ముందు పెడుతున్నారు?

వంటకం నుంచే మొదలుపెడదాం. ఇటాలియన్ రెస్టారెంట్ అనగానే అమెరికాలో చాలామందికి గుర్తొచ్చేవాటిలో ‘ఫెట్టుచీనే ఆల్‌ఫ్రెడో’ ఒకటి. రిబ్బన్ల లాంటి పాస్తాని వెన్నతో, పర్మేజాన్ చీజ్‌తో కలిపి చేస్తారు. అమెరికా వాళ్లు దానికి మీగడ కూడా చేర్చారు. ఈ ఆల్‌ఫ్రెడో రోము నగరంలో ఒక రెస్టారెంట్ యజమాని, పూర్తి పేరు ఆల్‌ఫ్రెడో డి లేలియో. ఆ కుటుంబం చెప్పుకునే కథ ఇది. 1908లో అతని భార్య ఈనెస్ మొదటి బిడ్డని కని బాగా నీరసించిపోయింది. తిండి సయించడం లేదు. ఆమె చేత నాలుగు ముద్దలు తినిపించడానికి అతను ఎక్కువ వెన్న, ఎక్కువ చీజ్ వేసి ఆ పాస్తా కలిపాడు. ఆమెకి నచ్చింది, దీన్ని హోటల్లో కూడా పెట్టమంది. ఆ హోటల్ అప్పటికి అతనిది కాదు, అతని తల్లి ఆంజెలీనాది. సొంత హోటల్ అతను 1914లో గానీ తెరవలేదు.

అంటే మనం ‘రొమాంటిక్ డిన్నర్’ అనుకుని తింటున్నది ఒక బాలింత పథ్యం. మనకి నెయ్యీ వెల్లుల్లికారమూ ఎలాగో, ఇటలీలో జబ్బుపడి లేచినవాళ్లకి వెన్నా చీజూ కలిపిన తెల్ల పాస్తా అలాగ. ఆల్‌ఫ్రెడో పుట్టకముందు నుంచీ ఇటలీ ఇళ్లల్లో అది ఉంది. పేరు లేని ఆ ఇంటి తిండికి ఒక మగవాడి పేరొచ్చింది. అతనికి వంట రాదనీ, భార్య మీద ప్రేమ లేదనీ నా ఉద్దేశం కాదు. నిజానికి కథలో నాకు నచ్చేది ఒక మగవాడు బాలింతకి వండి పెట్టడమే. కానీ రోజూ కోట్లమంది ఆడవాళ్లు చేసే పని ఒక మగవాడు ఒక్కసారి చేస్తే అది చరిత్రకెక్కింది. తల్లి హోటల్, భార్య ఆకలి, ఆమె ఇచ్చిన సలహా, మూడూ కలిస్తే ‘ఆల్‌ఫ్రెడో’ అయింది.

ఆ పేరు ప్రపంచానికెక్కడం వెనక ఒక హనీమూన్ ఉంది. మూకీ సినిమా తారలు మేరీ పిక్‌ఫర్డ్, డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ 1920లో పెళ్లి చేసుకుని యూరప్ వెళ్లారు. రోములో ఆల్‌ఫ్రెడో దగ్గర ఆ పాస్తా తిన్నారు. 1927లో అతనికి ‘నూడుల్స్ రాజు’ అని చెక్కించిన బంగారు చెంచా, ఫోర్కు బహుమతిగా ఇచ్చారు. ఇటాలియన్ బల్ల ముందు జంట అన్న బొమ్మకి అంతకుమించిన ప్రచారం ఏముంటుంది! ఆ జంటలో మేరీ ఎవరు? 1916 నాటికే వారానికి 10,000 డాలర్ల జీతం మీద ఒప్పందం రాయించుకున్న నటి. 1919లో ఫెయిర్‌బ్యాంక్స్, చాప్లిన్, గ్రిఫిత్‌లతో కలిసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ పెట్టిన నలుగురిలో ఒకరు. ఆ రాత్రి బిల్లు ఎవరు కట్టారో గానీ, కట్టగల స్తోమత ఇద్దరికీ ఉంది. ఆ బల్ల దగ్గర అలాంటి స్త్రీ ఆ రోజుల్లో ఎంత అరుదో తెలియాలంటే రోము వదిలి, న్యూయార్క్ వెళ్లాలి. డేటింగ్ అనే అలవాటుకీ, ప్రేమికుల ఇటాలియన్ రెస్టారెంట్‌కీ పెద్ద పుట్టినిల్లు అదే.

1880కీ 1920కీ మధ్య దాదాపు 40 లక్షల మంది ఇటాలియన్లు అమెరికా వచ్చారు. ఎక్కువమంది దక్షిణ ఇటలీ పేదలు. మొదట మగవాళ్లు ఒంటరిగా వచ్చి కూలిపనుల్లో చేరారు. వెనక వచ్చిన కొద్దిమంది భార్యలు రెండు మూడు గదుల ఇళ్లల్లో మొగుడికీ పిల్లలకీ మాత్రమే కాదు, అద్దెకుండే మగవాళ్లకి కూడా వండేవారు, బట్టలు ఉతికేవారు. ఆ డబ్బుతో ఇల్లు గడిచేది. జనాభా లెక్కల్లో మాత్రం వాళ్లు ‘పని లేని’ గృహిణులు. ఇటాలియన్ రెస్టారెంట్లు ఎన్నో ఇలాంటి పూటకూళ్ల వంటిళ్లలోంచే వీధిలోకి వచ్చాయి. పూటకూళ్లమ్మ మనకి తెలియని మనిషి కాదు కదా. సొంత ఊళ్లో పండక్కి తప్ప మాంసం ఎరగని ఈ ఆడవాళ్లు, అది చవకగా దొరికే దేశంలో, ఉన్నంతలో కైమా ఉండలు కట్టి టమాటా పులుసులో ఉడికించి స్పఘెట్టీ మీద వేశారు. అలా పుట్టిన ‘స్పఘెట్టీ విత్ మీట్‌బాల్స్’ ఇటలీ వంటకం కాదు, వలస వచ్చిన ఆడవాళ్ల వంటకం.

వాళ్లలో పేరు మిగిలిన ఒకామె లూయీసా లియోనే. 1906లో న్యూయార్క్‌లో తన ఇంటి ముందుగదిలోనే ఇరవై మంది పట్టే హోటల్ తెరిచింది. గాయకుడు ఎన్రికో కరూసో ఆమె వంట తిని, హోటల్ పెట్టమని పట్టుబట్టాడని అంటారు. తర్వాత అది ‘మామా లియోనేస్’ అనే పేరుతో నాటకశాలల వీధుల్లో వందలమంది కూర్చునే పెద్ద రెస్టారెంట్ అయింది. కొడుకు జీన్ దాన్ని నడిపి, 1959లో ఒక కంపెనీకి అమ్మాడు. 1967లో వచ్చిన వంటపుస్తకం అతని పేరు మీదే ఉంది. 1994లో హోటల్ మూతపడింది. ఆమె లేకపోయినా బోర్డు మీద ‘మామా’ మిగిలింది. అమ్మ అనే మాట అమ్ముడుపోతుందని వ్యాపారానికి బాగా తెలుసు.

ఇక ఆ బల్ల ముందు కూర్చునే అమ్మాయి సంగతి. ఆడా మగా కలుసుకోవడం అనే అర్థంలో ‘డేట్’ అనే మాట అచ్చులో మొదట కనిపించింది 1896లో, షికాగో పత్రికలో జార్జ్ ఏడ్ రాసిన ఒక శీర్షికలో అంటారు. అంతకుముందు మధ్యతరగతి తెల్లవాళ్ల ఇళ్లల్లో ఉన్న పద్ధతి ‘కాలింగ్’. అబ్బాయి అమ్మాయి ఇంటికి వస్తాడు. రమ్మని పిలిచే హక్కు అమ్మాయిదీ, ఆమె తల్లిదీ. పిలవకుండా రావడం మర్యాద కాదు. మన పెళ్లిచూపుల్లో కూడా మగవాళ్లే ఆడపిల్ల ఇంటికి వచ్చి ఆమె పెట్టింది తింటారు, కానీ ఎంచుకునే అధికారం మాత్రం వాళ్ల వెంటే వస్తుంది. అక్కడ కనీసం పిలుపు ఆడవాళ్ల చేతిలో ఉండేది. చరిత్రకారిణి బెత్ బెయిలీ 1988లో తన పుస్తకంలో చెప్పిన ముఖ్యమైన మాట ఇదే. కలయిక ఇంట్లోంచి వీధిలోకి, అంటే డబ్బు నడిచే చోటికి మారాక, పిలిచే హక్కు డబ్బున్నవాడికి పోయింది. అమ్మాయిలు తాము పిలవకూడదని మర్యాద పుస్తకాలు తిరగరాసుకున్నాయి.

వీధిలోకి ముందు వచ్చింది మధ్యతరగతి అమ్మాయిలు కాదు. కాలింగ్‌కి ముందుగది కావాలి. పది మంది రెండు గదుల్లో ఉండే ఇళ్లల్లో ముందుగది ఎక్కడుంటుంది? ఫ్యాక్టరీ అమ్మాయిలకి పార్కూ, డాన్స్ హాలూ, చవక హోటలే ముందుగది. వాళ్ల జీతం వారానికి ఏడెనిమిది డాలర్లు, మంచి పనితనం ఉంటే 12. అదే పని చేసే మగవాడికి అంతకంటే ఎక్కువ. చాలా ఇళ్లల్లో, ముఖ్యంగా ఇటాలియన్ ఇళ్లల్లో, కూతురు జీతం కవరు విప్పకుండా తల్లి చేతిలో పెట్టాలి. కొడుకు మాత్రం కొంత తన దగ్గర ఉంచుకోవచ్చు. సాయంత్రం సరదా కావాలంటే ఎవరైనా మగవాడు ‘ట్రీట్’ ఇవ్వాలి. క్యాథీ పైస్ 1986లో రాసిన ‘చీప్ ఎమ్యూజ్‌మెంట్స్’ ఈ ట్రీట్ లెక్కల్ని విప్పి చూపించింది. ఒక భోజనానికి ఒక నవ్వు చాలా, డాన్సు కావాలా, ముద్దు కావాలా, ఇంకా ముందుకి వెళ్లాలా? డబ్బు తీసుకోరు కాబట్టి వీళ్లని వేశ్యలు అనలేక, నీతి కమిటీల గూఢచారులు ‘చారిటీ గర్ల్స్’ అని నోట్‌బుక్కుల్లో రాసుకున్నారు. ఎవరు ఎవరికి దానం చేస్తున్నారో ఆ పేరు పెట్టినవాళ్లు ఆలోచించలేదు. జీతంలో తగ్గించింది ట్రీట్‌గా తిరిగొస్తోంది, అదీ రుణంగా.

వాషింగ్టన్ స్క్వేర్ చుట్టుపక్కల వీధులు చూస్తే ఇది కళ్లకి కడుతుంది. ఆ పార్కుకి దక్షిణాన ఇటాలియన్ల పేట. అక్కడి చవక భోజనశాలలకి రచయితలూ చిత్రకారులూ స్నేహితురాళ్లతో వచ్చేవారు. 1920 నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉన్న కాలంలో అక్కడ స్పఘెట్టీతోపాటు దొంగచాటుగా ఇంటి ద్రాక్షసారా కూడా దొరికేది. ఖాళీ వైన్ సీసా మెడలో కొవ్వొత్తి గుచ్చిన ఆ బల్లలు ప్రేమకి గుర్తయ్యాయి. అదే పార్కుకి తూర్పున ఒక్క వీధి అవతల, 1911 మార్చి 25న ట్రయాంగిల్ దుస్తుల ఫ్యాక్టరీలో మంటలు లేచి 146 మంది చనిపోయారు. 123 మంది ఆడవాళ్లూ ఆడపిల్లలే, ఎక్కువమంది యూదు, ఇటాలియన్ వలస కుటుంబాల వాళ్లు. ఇటాలియన్ ఆడపిల్లకి ఫ్యాక్టరీకి వెళ్లే స్వేచ్ఛ ఉంది గానీ, సాయంత్రం ఒక అబ్బాయితో హోటల్లో కూర్చునే స్వేచ్ఛ లేదు. అన్నో తమ్ముడో కాపలా లేనిదే గడప దాటనివ్వని పరువు కట్టుబాటు వాళ్లది. అంటే ఊరందరి ప్రేమకీ వేదికైన బల్లకి, ఆ వంట వండిన ఇళ్ల కూతుళ్లే దూరం.

డబ్బుండి, ట్రీట్ అక్కర్లేని ఆడవాళ్లనైనా కూర్చోనిచ్చారా? 1868లో న్యూయార్క్ ప్రెస్ క్లబ్ చార్లెస్ డికెన్స్‌కి విందు ఇచ్చినప్పుడు పాత్రికేయురాలు జేన్ కనింగ్‌హామ్ క్రోలీని రానివ్వలేదు. ఆమె కొందరు స్త్రీలని కూడగట్టి ‘సొరోసిస్’ అనే క్లబ్ పెట్టింది. వాళ్లు డెల్మోనికోస్ రెస్టారెంట్‌లో మగతోడు లేకుండా కూర్చుని భోజనం చేయడమే ఒక పెద్ద వార్త. నలభై ఏళ్లు గడిచినా పరిస్థితి పెద్దగా మారలేదు. 1907లో హారియట్ స్టాంటన్ బ్లాచ్ తన స్నేహితురాలితో హాఫ్‌మన్ హౌస్ అనే హోటల్‌కి సాయంత్రం వెళితే, మగతోడు లేదని వడ్డించలేదు. సంపాదించుకునే స్త్రీల సమానత్వ సంఘాన్ని అదే ఏడాది స్థాపించిన మనిషి ఆమె. ‘చెడ్డ ఆడవాళ్ల’ నుంచి గౌరవనీయులని కాపాడటానికే ఈ నియమం అంది హోటల్. నన్నెప్పుడూ ఆడవాళ్లు ఇబ్బంది పెట్టలేదు, పెట్టింది మగవాళ్లే అని ఆమె జవాబు. కోర్టుకెళ్లింది. 1908లో ఓడిపోయింది.

ఇక్కడ ఒక ముడి ఉంది. ఒంటరిగా వస్తే వేశ్య అని అనుమానం, మగవాడితో వస్తే అతని ట్రీట్‌కి రుణం. గౌరవంగా అన్నం తినడానికి ఆడదానికి ఉన్న ఒకే దారి ఒక మగవాడి మీదుగా పోతుంది. డేట్ అనే దాన్ని ప్రేమ చరిత్రలో మాత్రమే పెట్టి చదివితే ఈ ముడి కనిపించదు.

1955లో డిస్నీ తీసిన ‘లేడీ అండ్ ద ట్రాంప్’ చూడని పిల్లలు తక్కువ. ఇటాలియన్ హోటల్ వెనక సందులో రెండు కుక్కలు ఒకే స్పఘెట్టీ పోగుని రెండువైపుల నుంచీ తింటూ ముద్దు దాకా వస్తాయి. నేను ఆ దృశ్యాన్ని క్లాసులో చూపించి ఒక్కటే అడుగుతాను. యజమాని టోనీ మెనూ ఎవరికి చూపించాడు? మగకుక్కకి. ఏం కావాలో అడిగింది మగకుక్కని. రెండు పళ్లాలకి సరిపడా ఆర్డరూ అదే చెప్పింది. లేడీకి ఏమిష్టమో ఎవరూ అడగలేదు. ఈ ప్రశ్నకి అమ్మాయిలు ముందు నవ్వుతారు, తర్వాత నిశ్శబ్దమైపోతారు. నాకైతే చిన్నప్పుడు మా జిల్లా కేంద్రంలో ఒక హోటల్లోని ఫ్యామిలీ రూమ్ గుర్తొస్తుంది. ఆకుపచ్చ కర్టెన్ వెనక అమ్మా, పెద్దమ్మా, మేమూ. సర్వర్ కర్టెన్ పక్కకి తీసి నాన్న వైపే చూసేవాడు. నాన్న అందరికీ కలిపి చెప్పేవాడు. అమ్మకి పూరీ ఇష్టమని నాకు తెలిసింది ఆయన పోయాక.

అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం హోటళ్లలో జాతి, రంగు, మతం, పుట్టిన దేశం పేరుతో వివక్షని నిషేధించింది. ఆ వాక్యంలో స్త్రీ పురుష భేదం అన్న మాట లేదు. నల్లజాతి వాళ్లని వెనక్కి పంపడం నేరమైంది, ఆడవాళ్లని పంపడం కాలేదు. నల్లజాతి స్త్రీకి ఒక తలుపు తెరుచుకుని ఇంకో తలుపు మూసే ఉంది. 1969 ఫిబ్రవరిలో బెట్టీ ఫ్రీడన్, మరికొందరు న్యూయార్క్ ప్లాజా హోటల్‌లోని ఓక్ రూమ్‌కి వెళ్లారు. అక్కడ మధ్యాహ్నం పూట మగవాళ్లకే భోజనం. వీళ్లు కూర్చున్నారు. వెయిటర్లు వచ్చి మాట్లాడకుండా వీళ్ల ముందు నుంచి బల్లనే ఎత్తుకుపోయారు. నిలబెట్టలేక కాదు, కూర్చున్న ఆడవాళ్లని ఏం చేయాలో తెలియక. కొన్ని నెలల్లోనే ఆ నియమం పోయింది. 1970లో నగరం ఇలాంటి వివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది. బిల్లు కట్టే సంగతికొస్తే, భర్త సంతకం అడగకుండా ఆడవాళ్లకి అప్పు, క్రెడిట్ కార్డు ఇవ్వాలన్న దేశవ్యాప్త చట్టం 1974 దాకా రాలేదు.

చట్టాలు వచ్చాక మిగిలింది మర్యాద. ఖరీదైన రెస్టారెంట్లలో రెండు రకాల మెనూలుండేవి. మగవాడి దాంట్లో ధరలుంటాయి, ఆడదాని దాంట్లో ఉండవు. 1980లో లాస్ ఏంజెలెస్ దగ్గర ఒక ఫ్రెంచ్ రెస్టారెంట్‌కి ఒకామె తన వ్యాపార భాగస్వామిని విందుకి పిలిచింది. బిల్లు కట్టాల్సింది ఆమె. ధరల్లేని మెనూ ఆమెకే ఇచ్చారు. ఆమె తరఫున న్యాయవాది గ్లోరియా ఆల్‌రెడ్ కేసు వేస్తే, రెస్టారెంట్ ఆ పద్ధతి మానుకుంది. ఇదంతా పాతకథ అనుకోకండి. 2019లో పెరూ రాజధాని లీమాలో ఇలాంటి మెనూ ఇచ్చిన రెస్టారెంట్‌కి అక్కడి అధికారులు భారీ జరిమానా వేశారు. ఆడవాళ్లు డబ్బు గురించి బెంగపడకుండా హాయిగా తినాలనే అలా చేశామని యాజమాన్యం చెప్పుకుంది. ధర తెలియకుండా తినడం హాయి ఎలా అవుతుంది? ఎంత రుణపడుతున్నామో తెలియకుండా రుణపడటం అది.

మన దగ్గర మెనూలో ధరలు అందరికీ కనిపిస్తాయి. అయినా రెండేళ్ల కిందట నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి వచ్చి చెప్పింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పెళ్లి అనుకుంటున్న అబ్బాయితో ఇటాలియన్ రెస్టారెంట్‌కి వెళ్లింది. “సగం నేనిస్తానన్నాను మేడమ్. అతని మొహం మాడిపోయింది. ఇచ్చేశాక దారంతా మాట్లాడలేదు. ఇంటి దగ్గర దించుతూ, నన్ను నమ్మడం లేదా అన్నాడు.” ఆ అబ్బాయి చెడ్డవాడని ఆమె అనలేదు, నేనూ అనను. సగం డబ్బిస్తే నమ్మకం పోయినట్టు ఎందుకనిపించింది? ఆ డబ్బుతో అతను కొనదలచుకున్నది భోజనం ఒక్కటే కాదు కనక. అదేమిటో అతనికీ స్పష్టంగా తెలియకపోవచ్చు. నూరేళ్ల కిందట న్యూయార్క్ డాన్స్ హాలులో ట్రీట్ ఇచ్చిన కుర్రాడికీ తెలియలేదు.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటుంది మన సామెత. వడ్డించేది మనమే అయి, తరతరాలుగా కడబంతి మనదే అయిన ఇళ్లల్లోంచి వచ్చినవాళ్లం. అందుకే ఎదురెదురుగా ఇద్దరు ఒకేసారి కూర్చుని వేడివేడిగా తినే బల్ల నాకు చిన్న విషయంగా కనిపించదు. మా అమ్మమ్మ తన జీవితంలో ఒక్కసారైనా తాతయ్య ఎదురుగా కూర్చుని అన్నం తిన్న గుర్తు మా ఇంట్లో ఎవరికీ లేదు. డేట్ అనేది పాశ్చాత్య వ్యామోహమనీ, మార్కెట్ మాయ అనీ తీసిపారేసే వాళ్లతో నేను పూర్తిగా ఏకీభవించలేకపోవడానికి కారణం అదే. మార్కెట్ మాయ నిజమే. ఆడదానికి తిండి పెట్టే బల్ల ఎక్కడున్నా దాని మీద కాపలా ఉండటమూ నిజమే. 2009 జనవరిలో మంగళూరు పబ్‌లో అమ్మాయిల్ని జుట్టు పట్టి కొట్టినవాళ్లు, 1907లో బ్లాచ్‌ని ఆపిన హోటల్ వాళ్లలాగే, ఆడవాళ్ల గౌరవం పేరే చెప్పారు.

ఈ మధ్య సెమినార్ల కోసం వేరే ఊళ్లు వెళ్లినప్పుడు ఒక్కదాన్నే రెస్టారెంట్‌కి వెళ్తున్నాను. తలుపు దగ్గర ప్రతిచోటా ఒకే ప్రశ్న. “ఒక్కరేనా మేడమ్?” కూర్చున్నాక ఇంకోసారి, “ఇంకెవరైనా వస్తారా?” అడిగేవాళ్లు కుర్రాళ్లు, మర్యాదగానే అడుగుతారు. ఎవరూ రారని చెప్పి మెనూ తీసుకుంటాను. తోడు లేకుండా ఈ కుర్చీలో కూర్చునే హక్కు పూర్తిగా మనదైన రోజున, ఎదుటి కుర్చీలోకి ఎవరినైనా పిలిచే హక్కు కూడా మనదవుతుంది. అప్పటి సాయంత్రాన్ని ప్రేమ అని పిలవడానికి నాకు అభ్యంతరం ఉండదు. ధరలు చదువుకుని, నాకేం కావాలో చెప్పి, ఎదురుచూస్తూ కూర్చుంటాను, వేడి పాస్తా కోసం.